ఆ గది తాళంచెవి ఎవరి దగ్గరుంది సార్?

గౌరవనీయులైన కర్ణాటక యువజన సాధికారత, క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మాది కర్నూలు జిల్లా, 16 ఏళ్ళుగా బెంగళూరులో కేఆర్ పురం వైపు ఉంటున్నాం. మీ శాఖకి ఇప్పటికే మూడు అర్జీలు ఇచ్చాను, మూడూ మా పై పోర్షన్ మేడమ్ చేత కన్నడలో రాయించినవే. ముద్ర వేసి తీసుకున్నారు, అంతే. నాకు కన్నడ మాట్లాడటం వచ్చుగానీ రాయడం రాదు. అందుకే ఈసారి నా మాటల్లోనే రాస్తున్నాను, ఎవరైనా మీకు చదివి చెబుతారనే ఆశతో.

మా పాపకి 15 ఏళ్ళు, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. సర్కారు గ్రౌండ్‌లోనే ప్రాక్టీసు. జూన్‌లో ఒకరోజు పరుగెత్తుతూ పక్కకి తిరగబోతే కాలు గుంటలో పడి మోకాలు మెలి తిరిగింది. టప్పుమన్న చప్పుడు గోల్ దగ్గరున్న పిల్లలకి కూడా వినబడిందట. పక్కనే ప్రథమ చికిత్స గది ఉంది సార్, తలుపు మీద ఎర్ర రంగుతో ప్లస్ గుర్తు కూడా వేశారు. దానికి తాళం. వాచ్‌మన్‌ని అడిగితే చెవి ఆఫీసులో ఉందన్నాడు, ఆఫీసులో అడిగితే స్టోర్ ఆయన దగ్గరుందన్నారు, స్టోర్ ఆయన సెలవు. ఈలోపు ఎవరో పెద్దమనిషి బెణికిందంతే అని కాలు పట్టుకుని గుంజాడు, ఇంకొకరు పాపని లేపి నాలుగడుగులు నడిపించి చూశారు. ఐసు కోసం పిల్లలు గేటు బయట చెరుకురసం బండి దగ్గరికి పరుగెత్తారు, పాపం ఆయన డబ్బులు కూడా తీసుకోలేదు. నేను వెళ్ళేసరికి ఆ కవర్లో ఐసు సగం నీళ్ళయిపోయింది. ఆటోలో కాలు చాపే చోటు లేదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ బిడ్డ నా చొక్కా గట్టిగా పట్టుకునేది.

మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ పూర్తిగా తెగిపోయింది. ఆపరేషన్ అయింది. మళ్ళీ మ్యాచ్ ఆడాలంటే కనీసం 9 నెలలు పడుతుందన్నారు.

ఆడపిల్లలకి ఈ లిగమెంట్ తెగే ప్రమాదం మగపిల్లల కంటే రెండింతల పైనే అని ఫిజియో చెప్పాకే నాకు తెలిసింది. ఫిఫా వాళ్ళది 11+ అని 20 నిమిషాల వామప్ ఉంది, ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలకుండా నేర్పిస్తుంది. నార్వేలో ఈ వయసు ఆడపిల్లల చేత చేయిస్తే దెబ్బలు దాదాపు మూడో వంతు తగ్గాయి. దానికి పైసా ఖర్చు లేదు. మా దగ్గర రెండు రౌండ్లు పరుగెత్తించి బంతి ఇచ్చేస్తారు. కోచ్‌ని అనడానికి నాకు మనసు రాదు, ఆయన ఒక్కడు, పిల్లలు 60 మంది. ఆయనకి ఈ వామప్ నేర్పించండి సార్.

మాది మోకాలితో పోయింది. 2004 డిసెంబర్ 5న ఇదే ఊళ్ళో, కంఠీరవ స్టేడియంలో ఫెడరేషన్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్ ఆడుతూ గోవా జట్టు డెంపో ఆటగాడు క్రిస్టియానో జూనియర్ గోల్ కొట్టిన క్షణంలోనే కుప్పకూలి చనిపోయాడు. గుండె ఆగినప్పుడు షాక్ ఇచ్చే ఏఈడీ మిషను ఒక్కో నిమిషం ఆలస్యమైతే బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ గారి పేరు మీద మీ ప్రభుత్వమే హృదయ జ్యోతి పథకం పెట్టింది, ఆ మిషన్లు జనం ఉండే చోట్ల పెడతామంది. మా గ్రౌండ్‌కి కూడా ఒకటి ఇవ్వండి. కానీ అది కూడా ఆ తాళం వెనకే ఉండిపోతుందేమోనని నా భయం. చెవి వెతకడానికే ఆ రోజు 20 నిమిషాలు పట్టింది సార్.

పిల్లలు ఆడుకునే సాయంత్రం 4 నుంచి 7 దాకా ఆ గది తెరిచి ఉంచండి. లోపల ఐసు, కాలు కదలకుండా కట్టే చెక్క, స్ట్రెచర్, పడ్డ పిల్లని లేపి నడిపించకూడదని తెలిసిన మనిషి ఒకరు. గుంటలు పూడ్పించండి. ఇంకా చాలా అడగాలని ఉంది, ముందు ఆ తాళం తీయించండి.

పోయిన ఆదివారం పాప ఫ్రెండ్స్‌ని చూస్తానంటే చేతికర్రలతో తీసుకెళ్ళాను. ఒక చిన్నపిల్లాడికి ముక్కు మీద బంతి తగిలి రక్తం కారుతోంది, మా పాపే తన చున్నీ ఇచ్చింది. గదికి తాళం అలాగే ఉంది.

ఇట్లు,
ఒక ఆటగత్తె తండ్రి, బెంగళూరు