పులస పిల్లల్ని బతకనివ్వండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర మత్స్యశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మాది అంతర్వేది దగ్గర, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే మొగకు కూతవేటు దూరంలో ఉన్న ఊరు. మా తాత, నాన్న వేటకెళ్లి మమ్మల్ని పెంచారు. నేను చదువుకుని టీచరునయ్యాను గానీ మా తమ్ముడు ఇప్పటికీ పడవ మీదే బతుకుతున్నాడు. వేటకు వ్యతిరేకంగా మాట్లాడేవాణ్ని కాదని ముందే మీకు తెలియాలని ఇదంతా చెబుతున్నాను.

పోయిన చలికాలం ఒక ఆదివారం పొద్దున్నే రేవులోకి వెళ్లాను. మాకు పిన్ని వరసయ్యే ఆవిడ పట్టా పరిచి చిన్న చేపలు ఎండబోస్తోంది. నెత్తళ్లు, రొయ్యపొట్టు, వాటి మధ్య వేలెడంత వెండి చేపలు. ఒకటి తీసి పొట్ట కింద వేలితో రాశాను. రంపం పళ్లలా గరుగ్గా తగిలింది. పక్కటెముకల మీద వరసగా నల్ల చుక్కలున్నాయి.

"ఇవి పులస పిల్లలు కదా పిన్నీ?" అన్నాను.

"తెలుసురా అబ్బాయ్. సన్నకన్ను వల లాగితే అన్నీ వస్తాయి. చచ్చినవాటిని మళ్లీ నీళ్లలో వేసి ఏం లాభం? మేతకి పట్టుకెళ్తారు" అంది.

పట్టా మీద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టి నూట ఇరవై దగ్గర మానేశాను. ఒక్క ఇంటి ముందు, ఒక్క పూట వేటలో అన్ని.

పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు మా గోదారి జిల్లాల్లో. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. వరద మొదలై ఎర్రనీరు మొగ దాటితే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. ఆ ఈత, ఆ తీపి నీరు కలిసి దాన్ని పులస చేస్తాయి. పూర్వం ఇంకా చాలా పైదాకా వెళ్లేదట. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ధవళేశ్వరమే దాని దారికి అడ్డయింది. ఆ ఆనకట్ట మా జిల్లాలకు అన్నం పెట్టింది, దాన్ని తప్పుపట్టను. కానీ ఉన్న దారి అంత కుదించుకుపోయాక, మిగిలిన ఆ కాస్త దారినైనా కాపాడాలి కదండీ.

ఒక తల్లి పులస కడుపులో లక్షల గుడ్లుంటాయి. వాటిలోంచి బతికిన పిల్లలు కొన్ని నెలలు ఏటిలో పెరిగి సముద్రం వైపు దిగుతాయి. సరిగ్గా ఆ దారిలోనే, మొగల దగ్గర, దోమతెర లాంటి వలలు కాచుకుని ఉంటాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంది, నిజమే. అది సముద్రానికి. పులస ఏరెక్కేది ఆ నిషేధం ముగిశాక, పిల్లలు దిగేది ఆ తర్వాత. అంటే తల్లికీ పిల్లకీ రెంటికీ అది అక్కరకు రావడం లేదు.

డైనమైటు, విషం పెట్టి చేపలు పట్టడం నేరమని 1897 నాటి చట్టమే చెప్పింది. డైనమైటు పేలితే ఊరంతా వినబడుతుంది. సన్నకన్ను వల చప్పుడు చెయ్యదు, అందుకే దాని నష్టం ఎవరికీ పట్టడం లేదు.

మన వేటగాళ్లను దొంగలుగా చూడొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. పెద్ద మరబోట్లు ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపలికి రాకూడదన్న నియమం ఉన్నా, అవి వచ్చి దున్నేసి పోతుంటే చిన్న పడవవాడికి మిగిలేది ఏముంటుంది? వల కన్ను సన్నం చేసుకుంటాడు. అప్పుకి వడ్డీ కట్టాలి, పిల్లల ఫీజు కట్టాలి. ఆ టెన్షన్‌లో ఉన్నవాడికి రేపటి పులస గురించి ఉపన్యాసం ఇస్తే వింటాడా?

బంగ్లాదేశ్ ఈ చిక్కు ఎలా విప్పిందో చూడండి. మన పులసనే వాళ్లు ఇలీష్ అంటారు, 25 సెంటీమీటర్ల లోపు ఇలీష్‌ను జాట్కా అంటారు. నవంబరు నుంచి జూన్ దాకా దాన్ని పట్టడం, అమ్మడం రెండూ నేరమే. అక్టోబరులో తల్లి చేపలు గుడ్లు పెట్టే 22 రోజులు వేట పూర్తిగా బంద్. ఆ రోజుల్లో వేట కుటుంబాలకు ప్రభుత్వమే బియ్యం ఇస్తుంది. 2002-03లో సుమారు 2 లక్షల టన్నులున్న వాళ్ల ఇలీష్ దిగుబడి 2018-19 నాటికి 5 లక్షల టన్నులు దాటింది. మనది అంత పెద్ద నది కాదు గానీ, చేప అదే.

కాబట్టి అడుగుతున్నాను. వశిష్ఠ, గౌతమి మొగల దగ్గర వల కన్నుకు కనీస కొలత పెట్టండి. సన్నకన్ను వల తెచ్చి ఇచ్చినవాడికి పెద్దకన్ను వల ఉచితంగా ఇవ్వండి. వల కొనుక్కునే స్తోమత లేనివాడికి జరిమానా వేస్తే మళ్లీ అదే వల వేస్తాడు. పిల్లలు దిగే నెలల్లో కొన్ని రోజులు మొగల్లో వేట ఆపండి. ఏ రోజులన్నది శాస్త్రవేత్తలతో పాటు మా పెద్దవాళ్లనూ కూర్చోబెట్టి తేల్చండి, నీటి రంగు చూసి చేప కదలిక చెప్పగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు. సముద్ర నిషేధానికి కుటుంబానికి 20 వేలు ఇస్తున్నట్టే ఆ రోజులకూ భృతి ఇవ్వండి. చిన్న పులసను మేతకి కొనేవాళ్ల మీద ముందు కేసు పెట్టండి. కొనేవాడు లేకపోతే మా పిన్ని ఆ పట్టా పరవదు.

ఈ వరదలకి పులస ఎక్కుతుంది. దాని పిల్లలు దిగేలోపు ఒక్కసారి మా రేవుకి రండి. పొద్దున్న ఆరింటికి రావాలి, ఎండెక్కితే పట్టాలు ఎత్తేస్తారు.

ఇట్లు,
అంతర్వేది తీరాన వేట కుటుంబంలో పుట్టిన ఒక ఉపాధ్యాయుడు