చక్కెర గొలుసును వదిలేస్తే సగమే చెప్పినట్టు

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారాలు. గ్లైకోప్రొటీన్ల గురించి మీ ఆరోగ్య పుటలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఇంత చిక్కు విషయాన్ని తెలుగులో చెప్పడానికి పూనుకున్నందుకు ముందుగా కృతజ్ఞతలు. అయితే మధుమేహం ఉన్నవారికి చేసే హెచ్‌బీఏ1సీ పరీక్షను కూడా ఆ వ్యాసం గ్లైకోప్రొటీన్ల ఖాతాలోనే వేసింది. ఏళ్ల తరబడి జీవరసాయన శాస్త్రం పాఠం చెప్పినదాన్ని కనుక, ఆ పొరపాటును చూసీ చూడనట్టు ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కణం తన ఎంజైముల సాయంతో, ప్రొటీన్ మీద నిర్ణీతమైన చోట చక్కెర గొలుసును చేర్చి తయారు చేసుకునేది గ్లైకోప్రొటీన్. ఏ చక్కెర తర్వాత ఏది రావాలి, గొలుసు ఎక్కడ కొమ్మలుగా చీలాలి అన్న ప్రతి మెట్టుకూ విడిగా ఒక ఎంజైము ఉంటుంది. హెచ్‌బీఏ1సీ అలా తయారయ్యేది కాదు. రక్తంలోని గ్లూకోజు ఏ ఎంజైము ప్రమేయమూ లేకుండా, దానంతట అది హిమోగ్లోబిన్‌కు అంటుకుపోతే అది ఏర్పడుతుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, గడిచిన రెండు మూడు నెలల్లో గ్లూకోజు ఏ స్థాయిలో ఉందో ఆ అంకె చెబుతుంది. చీరకు నేసిన అంచు వేరు, తర్వాత అంటిన మరక వేరు. కొన్ని ప్రయోగశాలల రిపోర్టుల్లో ఇప్పటికీ ‘గ్లైకోసిలేటెడ్ హిమోగ్లోబిన్’ అనే అచ్చవుతోంది, ‘గ్లైకేటెడ్’ అనాలి. మీ వ్యాసకర్త పొరబడటానికి కారణం బహుశా అదే.

ఇంతకంటే ఎక్కువగా నన్ను కలవరపెట్టింది, సీఏ-125ను ‘అండాశయ క్యాన్సర్‌ను పట్టేసే పరీక్ష’ అన్న వాక్యం. మా దగ్గరి బంధువుల అమ్మాయి ఒకరు కడుపునొప్పికి చేయించుకున్న పరీక్షల్లో ఆ అంకె హద్దుగా చెప్పే 35ను దాటింది. రిపోర్టు కాగితం మీద ఆ అంకె పక్కన ముద్దక్షరాల్లో ‘ఎక్కువ’ అని ఉంది, అంతకు మించి వివరణ లేదు. వైద్యుల దగ్గరికి వెళ్లేలోపే ఆ ఇంట్లో అందరూ క్యాన్సర్ అనే నిర్ధారించుకున్నారు, వాళ్ల అమ్మగారు మూడు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి తేలింది ఎండోమెట్రియోసిస్, అంటే గర్భాశయపు లోపొరలాంటి కణజాలం బయట పెరిగే, క్యాన్సర్ కాని జబ్బు. సీఏ-125 అనేది శరీరంలోని కొన్ని పొరల కణాలు మామూలుగానే తయారు చేసే ఒక పెద్ద మ్యూసిన్ (జిగురు పదార్థాల తరహా) గ్లైకోప్రొటీన్. నెలసరిలోనూ, గర్భం తొలి నెలల్లోనూ, పొత్తికడుపు వాపులోనూ అది పెరగవచ్చు. తొలి దశ క్యాన్సర్ ఉన్నా పెరగకపోవచ్చు. క్యాన్సర్ అని తేలినవారిలో చికిత్స ఎలా పనిచేస్తోందో గమనించడానికి దాని ఉపయోగం ఎక్కువ.

ప్రొటీన్ ఎంత ఉందన్నది ఒక్కటే చూసి, దాని మీది చక్కెర ఏ తీరులో ఉందో చూడకపోతే ఎంత నష్టమో ఏఎఫ్‌పీ (ఆల్ఫా-ఫీటోప్రొటీన్) అనే రక్తపరీక్షను చూస్తే తెలుస్తుంది. కాలేయ క్యాన్సర్‌లో ఈ గ్లైకోప్రొటీన్ పెరుగుతుంది, కానీ హెపటైటిస్‌లోనూ సిర్రోసిస్‌లోనూ పెరుగుతుంది. క్యాన్సర్ కణం తయారు చేసే ఏఎఫ్‌పీలో మాత్రం చక్కెర గొలుసు మొదట్లో ఫ్యూకోజ్ అనే చక్కెర ఒకటి అదనంగా చేరడం ఎక్కువ. మసూర్ పప్పు గింజలో ఉండే ఒక లెక్టిన్ (చక్కెరలను గుర్తించి పట్టుకునే ప్రొటీన్) ఆ ఫ్యూకోజ్ ఉన్న అణువులనే గట్టిగా పట్టుకుంటుంది. అలా చిక్కిన భాగాన్ని ఏఎఫ్‌పీ-ఎల్3 అని విడిగా కొలుస్తారు. మొత్తం అంకె చెప్పలేని తేడాను ఒక్క చక్కెర చెప్పగలగడం, ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఈ గొలుసులు కట్టే పనిలోనే పుట్టుకతో లోపం ఉన్న పిల్లలున్నారు. బెల్జియం వైద్యుడు యాక్ యాకెన్ 1980లో మొదటిసారి వర్ణించిన ఈ జబ్బుల్లో ఇప్పటికి నూటయాభైకి పైగా రకాలు తెలిశాయి. చాలావాటికి మందు లేదు. ఎంపీఐ అనే ఎంజైము లోపించిన రకంలో మాత్రం మానోజ్ అనే చక్కెరను నోటి ద్వారా ఇస్తే పిల్లలు తేరుకుంటారు. రక్తంలోని ట్రాన్స్‌ఫెరిన్ మీద చక్కెర గొలుసులు తగ్గాయేమో చూసే పరీక్షతో వీటిలో చాలా రకాలను అనుమానించవచ్చు కనుక, ఇది పిల్లల వైద్యులందరి ఎరుకలోనూ ఉండవలసిన విషయం.

టీకాల సంగతికి వస్తే, ‘వైరస్ పైపొర ప్రొటీన్‌ను చూపిస్తే శరీరం యాంటీబాడీలు చేసుకుంటుంది’ అని మీ వ్యాసం ఒక్క వాక్యంతో ముగించింది. అంత తేలికైతే హెచ్‌ఐవీకి ఈపాటికి టీకా వచ్చి ఉండేది. ఆ వైరస్ పైనుండే జీపీ120 అనే ప్రొటీన్ బరువులో దాదాపు సగం చక్కెరలే. వాటిని తొడిగేది మన కణాల ఎంజైములే కాబట్టి, మన రోగనిరోధక వ్యవస్థకు అవి చాలావరకు సొంతవాటిలాగే కనిపిస్తాయి. వాటి చాటున వైరస్ దాక్కుంటుంది. కోవిడ్ వైరస్ స్పైక్ ప్రొటీన్‌లో ఒక్కో ప్రొటీన్ గొలుసుపైన చక్కెర తొడిగే చోట్లు 22 ఉన్నా, ఆ తెర అంత దట్టమైనది కాదు.

2016-17 ఫ్లూ టీకా అనుభవం మరింత సూటిగా ఉంటుంది. అప్పుడు తిరుగుతున్న హెచ్3ఎన్2 వైరస్ తన హీమాగ్లూటినిన్ (మన కణాలకు అతుక్కోవడానికి వాడుకునే పైపొర ప్రొటీన్) మీద కొత్తగా ఒక చక్కెర చోటును సంపాదించుకుంది. టీకా కోసం కోడిగుడ్లలో పెంచిన వైరస్ మాత్రం గుడ్డుకు అలవాటు పడే క్రమంలో ఆ చోటును పోగొట్టుకుంది. దాంతో టీకా వల్ల పుట్టిన యాంటీబాడీలు బయట తిరిగే వైరస్‌ను సరిగా అడ్డుకోలేకపోయాయి. అందుకే కణాల్లో గానీ, రీకాంబినెంట్ పద్ధతిలో (వైరస్ జన్యువును వేరే కణాల్లో పెట్టి ప్రొటీన్ చేయించి) గానీ చేసే ఫ్లూ టీకాల గురించి మాట్లాడేటప్పుడు, ఖర్చు, వేగంతో పాటు ఈ చక్కెర ప్రస్తావన కూడా రావాలి.

మీరు సవరణ ప్రచురించదలిస్తే, హెచ్‌బీఏ1సీ గ్లైకోప్రొటీన్ కాదన్న మాటతో పాటు, సీఏ-125 హద్దు దాటినంత మాత్రాన క్యాన్సర్ అని అర్థం కాదని, రిపోర్టు పట్టుకుని ముందుగా వైద్యులను కలవాలని మరో వాక్యం కూడా చేర్చగలరని మనవి.

ఇట్లు,
విశ్రాంత జీవరసాయన శాస్త్ర అధ్యాపకురాలు