నీ ఆడపడుచు గర్భసంచి సంగతి

పద్మా,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. మొదటిసారి బస్సులో విన్నా, నీ కుక్కర్ కూతలు తప్ప ఏమీ తెలియలేదు. రాత్రి ఇంటికొచ్చి విన్నాక ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. "మీ ఇంగ్లండులో గర్భసంచి మార్చి పెడుతున్నారటగా, తెల్లబట్టకి డాక్టర్ తీసేయమన్నాడు కాబట్టి మా ఆడపడుచు ఇప్పుడు తీయించేసుకుని కావాలంటే తర్వాత పెట్టించుకోవచ్చా?" అని ఎంత తేలిగ్గా అడిగావే! ఫోన్లో చెబితే మధ్యలో మీ అత్తగారు వస్తారు. అందుకే రాస్తున్నా, మధ్యాహ్నం తీరిగ్గా చదువు.

నువ్వు చూసిన వార్త నిజమే. 2023 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్‌లోని చర్చిల్ ఆసుపత్రిలో ఒక అక్క తన గర్భసంచిని చెల్లెలికి ఇచ్చింది. అక్కకి 40 ఏళ్ళు, అప్పటికే ఇద్దరు పిల్లలు. చెల్లెలికి 34, పనిచేసే గర్భసంచి లేకుండానే పుట్టింది. ఇద్దరి ఆపరేషన్లూ కలిపితే 17 గంటల పైమాటే. 2025 ఫిబ్రవరి 27న పాప పుట్టింది, రెండు కిలోల చిల్లర. ఆపరేషన్ చేసిన ఇసబెల్ కిరోగా పేరు కూడా పాప పేరులో కలిపి పెట్టుకున్నారు.

కానీ శరీరం ఆ కొత్త గర్భసంచిని తిప్పికొట్టకుండా రోజూ మందులు మింగాలి. ఆ మందులు ఏళ్ళ తరబడి వాడటం మంచిది కాదని, ఒకరో ఇద్దరో పిల్లలు పుట్టాక దాన్ని మళ్ళీ తీసేస్తారు. అద్దె ఇల్లు అనుకో. స్వీడన్‌లో మొదట తొమ్మిది మందికి పెడితే, ఇద్దరికి ఏడాది తిరక్కుండానే తీసేయాల్సి వచ్చింది. మన పూణేలో కూడా 2017లో చేశారు. అమ్మ గర్భసంచి కూతురికి పెట్టారు, 2018 అక్టోబరులో ఆ కూతురికి పాప పుట్టింది. తల్లీ బిడ్డా ఒకే కడుపులోంచి వచ్చారన్నమాట! అది చేసిన శైలేష్ పుణతాంబేకర్ అసలు పని క్యాన్సర్ ఆపరేషన్లు.

ఆక్స్‌ఫర్డ్ ఆపరేషన్ వెనక పాతికేళ్ళుగా తిరిగిన రిచర్డ్ స్మిత్ కూడా క్యాన్సర్ సర్జనే. గర్భసంచులు తీయడం వృత్తిగా ఉన్నవాళ్ళే వాటిని కాపాడే దారులు వెతికారు. ఎందుకో తెలుసా? గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పిల్లలు కనే వయసులోనే వస్తుంది చాలామందికి. ప్రాణం దక్కాలంటే గర్భసంచి తీసేయాలి అని ఆ అమ్మాయిల మొహం చూసి చెప్పాల్సింది వీళ్ళే. స్వీడన్‌లో మొదట చేసిన బ్రాన్‌స్ట్రోమ్‌కి ఆ ఆలోచన ఇచ్చింది కూడా అలాంటి పేషెంటే. 1998లో ఆయన ఆస్ట్రేలియాలో పని నేర్చుకుంటున్నప్పుడు, ఆపరేషన్ గురించి చెబుతుంటే ఒక అమ్మాయి "అయితే మా అమ్మది పెట్టండి" అందట. ఆయనకి పిచ్చి మాటలా అనిపించిందట. పదహారేళ్ళకి, 2014లో, అలా పెట్టిన గర్భసంచిలోంచి పుట్టిన మొదటి బిడ్డని ఎత్తుకున్నాడు.

మార్పిడి కన్నా నాకు నచ్చేది స్మిత్ అంతకు ముందు చేసిన పని. గర్భసంచి అంటే తలకిందులుగా వేలాడే చిన్న సొరబుర్ర అనుకో. క్యాన్సర్ కింద మెడ దగ్గర, అంటే ముఖద్వారంలో, చిన్నగా ఉన్నప్పుడే దొరికితే, మెడా దాని చుట్టుపక్కల కండా మాత్రం తీసేసి, బుర్రని వదిలేసి కింద కుట్టేస్తారు. దాన్ని ట్రాకిలెక్టమీ అంటారు. ఫ్రాన్స్‌లో డార్జాన్ కింది నుంచి చేసే పద్ధతి మొదలుపెడితే, స్మిత్, బుడాపెస్ట్ డాక్టర్ ఉంగార్, న్యూయార్క్ డాక్టర్ డెల్ ప్రియోరె కలిసి పొట్ట కోసి చేసే పద్ధతిని 1997లో ప్రచురించారు. తర్వాత కడుపు పండితే సిజేరియనే, నెలలు నిండకుండా పుట్టే భయమూ ఉంటుంది. అయినా సొంత గర్భసంచి కదే!

ఇందులో నేను పనిచేసే ఆసుపత్రి ల్యాబ్ పని కూడా ఉంది. ఆపరేషన్ నడుస్తుండగానే కోసిన మెడ అంచు చిన్న డబ్బాలో మాకు వస్తుంది. మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టించి, అప్పడం కన్నా ఎంతో పల్చగా, ఐదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొర తీసి, రంగు వేసి డాక్టర్‌కి అందించాలి. అంచులో క్యాన్సర్ లేదంటే గర్భసంచి ఉంటుంది, ఉందంటే పోతుంది. అక్కడ పేషెంట్ మత్తులో, ఇక్కడ నా చేతిలో ఆ పొర ముడత పడకుండా గాజు మీద పడాలి. నాలుగేళ్ళయినా ఆ నిమిషంలో ఊపిరి బిగపడుతుంది. ఆపరేషన్ గదికి ఫలితం చెప్పి ఫోన్ పెట్టేశాక టీ తాగుతాను, ఎన్నింటికైనా సరే.

ఈ పని కూడా మిషన్లు లాక్కుంటాయేమో! ఇంపీరియల్ కాలేజీలో తకాట్స్ అనే హంగరీ ఆయన ఐనైఫ్ కనిపెట్టాడు. కరెంటు కత్తితో కోస్తే పొగ వస్తుంది కదా, ఆ పొగని పీల్చి అది క్యాన్సర్ కండా కాదా అని మిషన్ చెబుతుంది. పక్కింట్లో మాడిన వాసన పట్టి వంకాయా బెండకాయా అని మీ అత్తగారు చెప్పినట్టే. 2023లో 150 మంది ఆడవాళ్ళ గర్భసంచి ముక్కల మీద చూస్తే, 89 శాతం సరిగ్గా, అదీ సెకన్లలో చెప్పిందట.

కొత్త మిషన్ అనగానే మంచిదని మాత్రం అనుకోకు. ముఖద్వారం క్యాన్సర్‌కి చిన్న బొక్కలు పెట్టి, మామూలుగానో రోబోతోనో చేసే ఆపరేషన్ గొప్పదని అందరూ నమ్మారు. 631 మందితో పరీక్షించి 2018లో ఫలితం చెప్పారు. నాలుగున్నరేళ్ళకి క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు పొట్ట కోసి చేసినప్పుడు 96.5 శాతం, బొక్కల పద్ధతిలో 86 శాతం. హోర్డింగుల మీద రోబో బొమ్మ చూసి మోసపోకండి.

ఇక మన సంగతి. మా అమ్మకి 29 ఏళ్ళప్పుడు తెల్లబట్ట అవుతోందని వెళ్తే, "ఉంచితే క్యాన్సర్ అవుతుంది, పిల్లలు పుట్టేశారుగా" అని తీసేశారు. ఏ పరీక్షా లేదు, ఒక్క ముక్కా ల్యాబ్‌కి పంపలేదు. నలభై రాకముందే ఒళ్ళంతా ఆవిర్లు, నడుం నొప్పి, నిద్రలేమి. అది మా అమ్మ ఒక్కదాని కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రాలో 8.9, తెలంగాణలో 7.7. క్యాన్సర్ ఉన్న పిల్ల గర్భసంచిని ఒక చోట మైక్రాన్ల లెక్కన కాపాడుతుంటే, క్యాన్సర్ లేనివాళ్ళకి మన దగ్గర భయపెట్టి తీసేస్తున్నారు. ఇది తలుచుకుంటే అన్నం సహించదు నాకు.

కాబట్టి మీ ఆడపడుచుకి 31 ఏళ్ళకి, ఉత్త తెల్లబట్టకి వెంటనే తీసేయాలన్న డాక్టర్‌ని ముందు పాప్ స్మియర్ (ముఖద్వారం కణాలు తీసి చూసే పరీక్ష) రిపోర్టు అడగమను. చెయ్యలేదంటే ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు, హెచ్‌పీవీ, అంటే ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్, పరీక్ష కూడా చేయించు. తేడా కనిపిస్తే ముఖద్వారం నుంచి ముక్క తీసి చూస్తారు, అది అయ్యాకే ఆపరేషన్ మాట. మొగుడితో కలిశాక రక్తం పడుతోందా అని నువ్వే చాటుగా అడుగు, మీ ఆయన ముందు చెప్పదు. పడుతుంటే ఆలస్యం చేయకండి. అడ్వాన్సు కట్టేశామని మొహమాటపడొద్దు, పోతే పోయింది.

రిపోర్టులు ఏముంటే అవి ఫోటో తీసి పంపు, మా డాక్టర్‌కి చూపించి అడుగుతా. ఫ్లాష్ వేయకు తల్లీ, పోయినసారి అంతా తెల్లగా వచ్చింది.

నీ
సుజాత