రాత్రి పదకొండు దాటాక కౌంటర్ వెనుక ఒక్కడే: అమెరికా కార్మిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

అమెరికా కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పోస్టు చేశాను. దాన్నే తెలుగులో మళ్లీ రాయడానికి కారణం ఉంది. రాత్రి దుకాణాల్లో ఒంటరిగా పని చేసేవాళ్ల భద్రత విషయంలో మీరు ఏమీ చేయకపోతే నష్టపోయేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. కౌంటర్ వెనుక నిలబడి ఫోనులో ఇది చదివేవాళ్లు ఉన్నారు. వాళ్ల అమ్మానాన్నలు గుంటూరులోనో కరీంనగర్‌లోనో చదువుతారు. నాలాంటి యజమానులు కూడా చదవాలి. ఈ లేఖలో కొన్ని మాటలు మీకన్నా మాకే ఎక్కువ తగులుతాయి.

నేను ఉండేది ఇండియానా రాష్ట్రంలో, ముప్పై వేల జనాభా ఉన్న ఊళ్లో. ఇద్దరు మిత్రులతో కలిసి ఒక గ్యాస్ స్టేషన్, అంటే దుకాణం కూడా ఉన్న పెట్రోలు బంకు, నడుపుతున్నాను. అంతకుముందు ఆరేళ్లు ఇదే పనిలో జీతగాణ్ణి. అందులో మూడేళ్లు రాత్రి షిఫ్టే.

ఏటా ఎవరో ఒకరు అమెరికాలో అత్యంత ప్రమాదకరమైన చిన్న నగరాలంటూ ఒక జాబితా వేస్తారు. ఆ వారమంతా మాకు ఇండియా నుంచి ఫోన్లు. “మీ పక్క ఊరు పదకొండో స్థానంలో ఉందట కదా అన్నయ్యా, మావాణ్ణి అక్కడి యూనివర్సిటీకి పంపమంటావా?” అని అడుగుతారు. ఏం చెప్పను? ఆ అంకె ఎలా పుడుతుందో వివరించేసరికి అవతల టీ చల్లారిపోతుంది. అయినా ఒకసారి ఇక్కడ చెప్పేస్తాను, ఇకపై ఫోన్లు తగ్గుతాయేమో.

హత్య, అత్యాచారం, దోపిడీ, తీవ్రమైన దాడి. ఈ నాలుగూ కలిపి లక్ష మంది జనాభాకు ఎన్ని జరిగాయో ఎఫ్‌బీఐ లెక్క వేస్తుంది. 2024లో దేశం మొత్తానికి ఆ రేటు సుమారు 359, అందులో హత్యలు 5. ఇప్పుడు పదివేల మంది ఉన్న ఊరిని తీసుకోండి. అక్కడ ఏడాదికి ఒక్క హత్య జరిగితే చాలు, రేటు పదికి చేరుతుంది. అంటే దేశ సగటుకు రెట్టింపు. మరుసటి ఏడాది ఏమీ జరగకపోతే సున్నా. ఊరు మాత్రం అదే ఊరు. ఇక కాలిఫోర్నియాలో వెర్నన్ అనే నగరం ఉంది. అక్కడ నివాసం ఉండేది రెండు వందల పైచిలుకు మంది, పగలు ఫ్యాక్టరీల్లో పనికి వచ్చేవాళ్లు పదుల వేలమంది. నేరం ఎవరికి జరిగినా భాగించేది మాత్రం ఆ రెండు వందల మందితోనే. ఈ అంకెలతో నగరాలకు ర్యాంకులు కట్టవద్దని ఎఫ్‌బీఐయే హెచ్చరిస్తుంది. ఎవరు వింటారు?

అలాగని ప్రమాదమంతా లెక్కల మాయ అని నేను అనడం లేదు. న్యూజెర్సీలోని కామ్‌డెన్ జనాభా ఎనభై వేల లోపు. 2012లో అక్కడ 67 హత్యలు జరిగాయి. దానికి ముందటి ఏడాది జనవరిలో డబ్బు లేక నగరం తన పోలీసుల్లో దాదాపు సగం మందిని ఇంటికి పంపింది. 2013లో నగర పోలీసు శాఖనే రద్దు చేసి కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆధ్వర్యంలో కొత్త విభాగాన్ని పెట్టారు. 2019 నాటికి హత్యలు 25కు దిగాయి. అక్కడ అంకె నిజమే చెప్పింది.

అయితే నన్ను కదిలించిన అంకె వేరే ఉంది. ఒక నగరంలో జరిగే నేరాల్లో సగం ఎన్ని వీధి ముక్కల్లో జరుగుతాయో డేవిడ్ వైజ్‌బర్డ్ అనే నేరశాస్త్రవేత్త లెక్క తీసి 2015లో ప్రచురించారు. ఒక కూడలి నుంచి తర్వాతి కూడలి దాకా ఉన్న వీధి ఒక ముక్క. పెద్ద నగరాల్లో నాలుగు నుంచి ఆరు శాతం ముక్కల్లోనే సగం నేరం జరుగుతోంది. ఆయన చూసిన చిన్న నగరాలు మూడు: మినసోటాలో బ్రూక్లిన్ పార్క్, కాలిఫోర్నియాలో రెడ్‌లాండ్స్, వెంచురా. అక్కడ నేరం ఇంకా ముద్దకట్టి ఉంది. రెండు నుంచి మూడున్నర శాతం ముక్కలు చాలు. చదివిన రోజు మా ఊరి పటం ముందు పెట్టుకుని ఆ ముక్కలు ఏవై ఉంటాయో నాకు తోచినట్టు వేలు పెట్టి చూశాను. ఒక మోటెల్, ఒక బారు వెనుక పార్కింగు, మూడు గ్యాస్ స్టేషన్లు. మూడింట్లో ఒకటి మాది.

కాబట్టి మంత్రి గారూ, చిన్న నగరంలో ప్రమాదం ఊరంతా సమానంగా పరచుకుని ఉండదు. అది కొన్ని చోట్ల, కొన్ని గంటల్లో, కొందరు మనుషుల మీద పడుతుంది. పడే చోట్లలో ఒకటి ఎవరో ఒకరు జీతం తీసుకుని నిలబడే చోటు. అందుకే ఈ లేఖ పోలీసు శాఖకు రాయకుండా మీకు రాస్తున్నాను.

మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో, రాత్రి రెండు దాటాక, మా కౌంటర్‌లో వరంగల్ వైపు కుర్రాడు ఒక్కడే ఉన్నాడు. పని చేయడానికి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవాడే. ముఖానికి మఫ్లర్ చుట్టుకున్న మనిషి లోపలికి వచ్చాడు. ఆ చలిలో ముఖం కప్పుకోనివాడు ఎవడు, అందుకే అనుమానం రాలేదు. రిజిస్టర్‌లో ఉన్నది నూట ఎనభై డాలర్లు. ఇచ్చేశాడు. ఇంకా ఉందేమోనని తుపాకీ మడమతో తల మీద కొట్టి, సిగరెట్లు పట్టుకుని పోయాడు. ఏడు కుట్లు పడ్డాయి. పోలీసులు రావడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఆ రాత్రి ఊరంతటికీ తిరుగుతున్నవి రెండు కార్లు, రెండూ హైవే మీద ప్రమాదం దగ్గర ఉన్నాయి. వాళ్లను తప్పు పట్టను. ఈ దేశంలో పోలీసు విభాగాలు సుమారు 18,000 ఉంటే, దాదాపు సగం చోట్ల పదిమంది అధికారులు కూడా లేరు.

మర్నాడు ఒక పోలీసు అధికారి పంపుల దగ్గర నిలబడి, “ఇక్కడి నుంచి లోపల మనిషి కనిపిస్తున్నాడా?” అని అడిగాడు. కనిపించడం లేదు. అద్దాల నిండా బీరు ప్రకటనలు, లాటరీ పోస్టర్లు. అవన్నీ నా చేతులతో నేనే అంటించాను. తల పగిలిన కుర్రాడు నెల తిరగకుండా పని మానేసి వేరే రాష్ట్రంలో గోడౌన్‌లో చేరాడు.

ఆ తర్వాతే నేను ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను. సిగ్గుతో చెప్పాల్సిన సంగతేమిటంటే, తెలియాల్సినవన్నీ యాభై ఏళ్ల కిందటే తెలుసు. 1970 దశకం మధ్యలో దక్షిణ కాలిఫోర్నియాలో ఒక పెద్ద దుకాణాల సంస్థ కోసం పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. దోపిడీలు చేసి జైలుకు వెళ్లొచ్చిన వ్యక్తినే సలహాదారుగా పెట్టుకుని, దొంగ దుకాణాన్ని ఎలా ఎంచుకుంటాడో తెలుసుకున్నారు. వాడు చూసేవి కొన్నే. డబ్బు ఎంత ఉంటుంది, బయటివాళ్లకు లోపల కనిపిస్తుందా, పారిపోవడానికి దారి ఉందా. దాన్నిబట్టి రిజిస్టర్‌లో డబ్బు తగ్గించారు, అద్దాలు ఖాళీ చేశారు, దీపాలు పెంచారు. ఆ దుకాణాల్లో దోపిడీలు సుమారు 30 శాతం తగ్గాయి. బస్సుల్లోనూ అంతే. 1960ల చివర్లో డ్రైవర్లను దోచుకోవడం పెరిగితే, చిల్లర ఇవ్వడం ఆపి, డ్రైవర్‌కు కూడా తెరవరాని పెట్టెలు పెట్టారు. దొంగలు బస్సులను వదిలేశారు.

ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్ మన విద్యార్థులకు బాగా తెలిసిన యూనివర్సిటీ ఊరు. రాత్రిపూట దుకాణంలో ఇద్దరు ఉండాలని 1980ల రెండో సగంలోనే ఆ నగరం నిబంధన తెచ్చింది. దుకాణాల వాళ్లు కోర్టుకు వెళ్లినా ఆపలేకపోయారు. దోపిడీలు సగానికి పైగా పడిపోయాయి. అదే సమయంలో కొందరు దొంగలు పట్టుబడటం వల్ల తగ్గాయని వాదించినవాళ్లూ ఉన్నారు, ఆ వాదనను నేను కొట్టిపారేయను. ఏమైనా 1990 దశకం ఆరంభంలో ఫ్లోరిడా రాష్ట్రం మొత్తానికీ చట్టం చేసింది. కెమెరా, పోలీసులకు సంకేతం పంపే నిశ్శబ్ద అలారం, డబ్బు జారవిడిచే సేఫ్, బయటి నుంచి కౌంటర్ కనిపించే అద్దాలు, పార్కింగులో వెలుతురు ఉండి తీరాలి. రాత్రి రిజిస్టర్‌లో యాభై డాలర్ల కన్నా ఎక్కువ ఉండవని తలుపు దగ్గర బోర్డు పెట్టాలి. ఆ దుకాణంలో ఒకసారి హత్యో దోపిడీయో జరిగిందంటే, రాత్రి పదకొండు నుంచి ఉదయం అయిదు దాకా ఇద్దరు పనివాళ్లు ఉండాలి. లేదా తూటా దూరని అద్దాల గది, లేదా కాపలాదారు, లేదా తలుపుకు తాళం వేసి కిటికీ గుండా అమ్మకం. ఏదో ఒకటి ఎంచుకోవచ్చు.

ఇందులో ఒక కంత ఉంది. ఆ గంటల్లో యజమాని గానీ అతని కుటుంబ సభ్యులు గానీ పని చేసే దుకాణానికి చట్టం వర్తించదు. మనవాళ్ల దుకాణాలు ఎన్ని ఈ కంతలోంచి జారిపోతాయో వేరే చెప్పాలా? బావమరిదిని, పెద్దమ్మ కొడుకుని రాత్రి షిఫ్టులో నిలబెట్టడం మనకు పొదుపు. తూటాకు బంధుత్వం తెలియదు. 2025 మార్చిలో వర్జీనియా తూర్పు తీరంలోని ఒక పల్లె దుకాణంలో తెల్లవారుజామున తండ్రీకూతుళ్లను కాల్చి చంపారు. చిన్న నగరాల జాబితాలో వెతికితే ఆ పల్లె ఎక్కడా దొరకదు. మన రాష్ట్రాల నుంచి వచ్చిన విద్యార్థులు 2024 నవంబరులో చికాగో ప్రాంతంలో, 2025 అక్టోబరులో డాలస్ ప్రాంతంలో గ్యాస్ స్టేషన్లలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. పెద్ద నగరాలు కాబట్టి అవి పత్రికలకు ఎక్కాయి. మా కుర్రాడి తల మాత్రం ఏ పత్రికలోనూ రాలేదు.

ఇప్పుడు మీ సంగతి. మీ శాఖ కిందనే ఉన్న ఓషా, అంటే పని చోటు భద్రత చూసే సంస్థ, రాత్రి దుకాణాల్లో హింసను అరికట్టడం మీద 1998లోనే ఒక పుస్తకం వేసింది. నేను పైన రాసిన దాదాపు అన్నీ అందులో ఉన్నాయి. మంచి పుస్తకం. అయితే మొదటి పేజీల్లోనే ఇది సిఫార్సు మాత్రమే, నిబంధన కాదు అని రాసుకున్నారు. నాలాంటివాడు ఆ వాక్యం దగ్గరే పుస్తకం మూసేస్తాడు. మీ శాఖ లెక్కల ప్రకారమే 2023లో పని చోట హత్యకు గురైనవాళ్లు 458 మంది. కాలిఫోర్నియా 2024 జూలై నుంచి దాదాపు యజమానులందరికీ హింస నివారణ ప్రణాళికను తప్పనిసరి చేసింది. న్యూయార్క్ 2025లో రిటైల్ కార్మికులకు అలాంటి చట్టాన్నే అమలులోకి తెచ్చింది గానీ, పదిమంది కన్నా తక్కువ పనివాళ్లున్న చోటును వదిలేసింది. చిన్న ఊళ్లో గ్యాస్ స్టేషన్ అంటే ఆరుగురు, ఏడుగురు. చట్టం మా గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయినట్టు ఉంది.

నేను అడిగేది ఆ 1998 పుస్తకాన్ని నిబంధనగా మార్చమని. పనివాళ్లు ఎంతమంది అన్న మినహాయింపు వద్దు, కుటుంబ సభ్యులన్న మినహాయింపు వద్దు. సొంత దుకాణంలో తానొక్కడే నిలబడే యజమాని మీ చట్టం కిందికి రాడని తెలుసు. వాడికి జీతం తీసుకునే తమ్ముడు ఉంటే ఆ తమ్ముడైనా రావాలి.

ఇంకో మాట, ఇది మావాళ్లకు చెప్పడం ఇంకా కష్టం. చదువుకోవడానికి వచ్చి, క్యాంపస్ బయట పని చేయకూడదని తెలిసీ, ఫీజుల అప్పు తీరక రాత్రిళ్లు కౌంటర్ వెనుక నిలబడేవాళ్లు ఉన్నారు. అది చట్టవిరుద్ధమే, నేను సమర్థించను. కానీ దోపిడీ జరిగితే వాళ్లు పోలీసులకు ఫోను చేయరు. ఆ సంగతి యజమానికి తెలుసు, కొన్నిచోట్ల దొంగకూ తెలుసు. అలా జరిగిన నేరం ఎఫ్‌బీఐ లెక్కలోకి రాదు, ఆ ఊరు జాబితాలో ప్రశాంతంగా కనిపిస్తుంది. కొన్ని రకాల తీవ్ర నేరాలకు బాధితులై విచారణకు సహకరించేవాళ్లకు యూ వీసా ఉంది. ఏడాదికి పదివేలే, నిరీక్షణ ఏళ్ల తరబడి. దానికి కావలసిన ధ్రువపత్రం ఇచ్చే అధికారం 2023లో ఓషాకు కూడా ఇచ్చారు. ఈ విషయం కౌంటర్ వెనుక ఉన్న ఏ కుర్రాడికి తెలుసు? కనీస వేతనం పోస్టరు ప్రతి దుకాణం గోడ మీదా అంటించమంటారు కదా, ఆ పక్కన ఈ నాలుగు వాక్యాలు కూడా అంటించమనండి. తెలుగు, గుజరాతీ, పంజాబీ, నేపాలీ భాషల్లోనూ అచ్చు వేయించండి.

ఖర్చు మాట వస్తుంది, తప్పదు. రోజూ రాత్రి ఆరు గంటల సేపు రెండో మనిషిని పెడితే, గంటకు పదమూడు డాలర్ల చొప్పున నెలకు 2,340 డాలర్లు. మా లాభం మీద అది పెద్ద దెబ్బ. అందుకే మేం శుక్ర, శనివారాలు ఇద్దరిని పెట్టి, మిగతా రోజులు తలుపుకు తాళం వేసి కిటికీ గుండా అమ్ముతున్నాం. కిటికీకి అయిన ఖర్చు ఒక్కసారిదే. రాత్రి అమ్మకాలు కాస్త తగ్గాయి. అయితే ఎదురుగా ఉన్న స్టేషన్ తలుపు తెరిచి, ఒక్కణ్ణే పెట్టి మా గిరాకీని లాక్కుంటోంది. ఇది నేనొక్కణ్ణే చేస్తే నాకు నష్టం. వీధికి అటూ ఇటూ ఇద్దరమూ చేయాల్సి వస్తే ఎవరికీ నష్టం లేదు. నిబంధన అడగడానికి నాకున్న వ్యాపార కారణం ఇదే, దాచను.

మీ తనిఖీ అధికారులను మా దగ్గరికి ఎప్పుడైనా పంపండి. పగలైతే కాఫీ ఇస్తాను. రాత్రి పదకొండు దాటాక వస్తే మాత్రం తలుపు తీయం, కిటికీ దగ్గరికి రమ్మనండి.

ఇట్లు,
ఇండియానా నుంచి ఒక గ్యాస్ స్టేషన్ భాగస్వామి