తాళం వేసే ముందే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

గత నెలలో ఒక రాత్రి, పెన్‌డ్రైవ్ నుంచి మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపి చూద్దామనే సరదాతో కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే బయోస్ అనే ప్రోగ్రాంలోకి వెళ్లి, నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే యంత్రం మొదలయ్యేలా చూసే ‘సెక్యూర్ బూట్’ అనే సెట్టింగును ఆపేశాను. సరదా తీరాక మామూలుగా ఆన్ చేస్తే నీలం తెర ఒకటి ఎదురై రికవరీ కీ కొట్టమంది. అంటే 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. నా పాస్‌వర్డ్ నాకు కంఠతా వచ్చు. దాన్ని మాత్రం అడగలేదు.

తెలియని సెట్టింగును కెలకడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ కంప్యూటర్‌కు అలాంటి తాళం ఒకటి ఉందని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. తెలిసినవాళ్లను అడిగితే ఇద్దరు ఒకటే మాట అన్నారు: “ఫార్మాట్ చేసేయండి.” పన్నెండేళ్ల ఫొటోలు, అమ్మ వైద్యం కాగితాలు, సగంలో ఉన్న పని, అన్నీ అందులోనే ఉన్నాయి. ఎంత తేలిగ్గా అనేశారో!

తర్వాత కూర్చుని చదివితే అసలు సంగతి బోధపడింది. డిస్కులోని సమాచారాన్నంతా ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మార్చి, దాన్ని విప్పే తాళంచెవిని టీపీఎం అనే చిప్ తన దగ్గర దాచుకుంటుంది. ఆన్ చేసిన ప్రతిసారీ యంత్రం మొదలయ్యే తీరు మునుపటిలాగే ఉందా అని చూస్తుంది. ఉంటే చెవి ఇస్తుంది, తేడా కనిపిస్తే ఇవ్వదు, అప్పుడు మారుతాళంగా రికవరీ కీ కొట్టాల్సిందే. ఆ తేడా దొంగ చేసినదా, యజమాని చేసినదా అన్నది దానికి తెలిసే దారి లేదు. ఇది తెలిశాక నేను చేసిన పని ఒక్కటే. మళ్లీ బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్‌ను ఎప్పటిలా ఆన్ చేశాను. కంప్యూటర్ ఏమీ అడగకుండా తెరుచుకుంది. ఫార్మాట్ సలహా వినే ముందు, మార్చిన సెట్టింగును వెనక్కి తిప్పి చూడమని తోటి పాఠకులకు చెప్పడం ఈ ఉత్తరం రాయడానికి ఒక కారణం.

రెండో కారణం తాళంచెవి ఉండే చోటు. విండోస్ 11లో 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా ఎక్కించి ఆన్‌లైన్ ఖాతాతో ప్రవేశిస్తే, సాధారణంగా ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది. రికవరీ కీ ఆ ఖాతాలోకి చేరుతుంది. ల్యాప్‌టాప్ పోగొట్టుకున్నవారికి ఇది ఎంత రక్షణో నాకు తెలుసు కాబట్టి, దీన్ని తీసేయమని అనను. అయితే ఆ ఖాతా ఎవరిది? కొన్న రోజున ఏ బంధువో వచ్చి తన ఈమెయిలుతో అన్నీ అమర్చి వెళ్తే, మీ ఇంటి తాళంచెవి ఆయన జేబులో ఉన్నట్టే. ఉన్నట్టు ఆయనకూ తెలియదు. ఆ అంకెలు దొరక్కపోతే తయారీ సంస్థ సహాయక సిబ్బంది కూడా డిస్కును తెరవలేరు.

ఇది నా ఒక్కడి గొడవే అయితే మీ దాకా వచ్చేవాణ్ణి కాదు. 2024 జూలై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోని లోపంతో ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలబడ్డాయి. ఒక ఫైలు తీసేస్తే సరిపోయే మరమ్మతే. కానీ ఎన్నో చోట్ల సిబ్బంది ఒక్కో యంత్రం దగ్గరికీ వెళ్లి చేయాల్సి వచ్చింది. విండోస్‌లోని ఈ డిస్కు తాళం, అంటే బిట్‌లాకర్, ఉన్నచోట ముందుగా ఈ 48 అంకెలు కొట్టాలి. నిపుణులున్న కార్యాలయాలకే ఇంత తంటా అయితే ఇంట్లో వాడుకునేవారి సంగతి చెప్పాలా?

తయారీదారులను నేను కోరేది పెద్ద పనేమీ కాదు. తాళం పడే ముందు ఆ అంకెలను తెర నిండా చూపాలి. రాసుకోమని చెప్పి, చివరి ఆరింటినీ మళ్లీ కొట్టించుకున్నాకే ముందుకు పోనివ్వాలి. మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ అనే ఇలాంటి తాళాన్నే ఆన్ చేసేటప్పుడు రికవరీ కీని చూపించి రాసుకోమనే ఏర్పాటు ఏనాటి నుంచో ఉంది కదా! బయోస్‌లో సెక్యూర్ బూట్ పక్కన కూడా, దీన్ని మారిస్తే డిస్కు తాళం అడగవచ్చునని ఒక్క వాక్యం ఉండాలి. అమ్మేవారు వారంటీ కార్డుతో పాటు ఈ ముక్క కూడా చెబితే పోయేదేమీ లేదు. రాసుకున్న కాగితాన్ని ల్యాప్‌టాప్ సంచిలోనే పెట్టుకుంటే మాత్రం దొంగకు శ్రమ తగ్గించినట్టే.

నా కంప్యూటర్‌ను మొదట అమర్చింది మా మేనల్లుడు. మర్నాడు ఫోన్ చేసి అడిగితే తన ఖాతా తెరిచి, ఏ కీ కావాలో గుర్తుపట్టడానికి నీలం తెర మీద చూపే కీ ఐడీతో పోల్చి చూసి, అంకెలు ఒక్కొక్కటే చదివాడు. రెండుసార్లు తప్పు రాసి, మూడోసారికి సరిగా రాసుకున్నాను. ఆ జాబితాలో మరో రెండు కంప్యూటర్ల కీలు కూడా కనిపించాయట. ఒకటి ఎవరిదో గుర్తుపట్టాడు. రెండోది ఎవరిదో ఇప్పటికీ తెలియలేదు.

– ఒక పాఠకుడు