రొయ్యల చెరువు మీద ఒక అభిప్రాయం

ఏలూరు,
ఆదివారం ఉదయం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది. జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు క్షమించు. పరీక్ష పేపర్లు దిద్దే పని, అమ్మ మోకాలి వైద్యం, వానలకు కారిన మేడగది మరమ్మతు ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడ్డాయి. అమ్మ ఇప్పుడు కర్ర సాయం లేకుండా నడుస్తోంది. మా ఆవిడ నిన్నూ చెల్లెమ్మనూ అడిగినట్టు రాయమంది. తక్కిన కబుర్లు మరో ఉత్తరంలో రాస్తాను. ఇది ఒక్క విషయం కోసమే మొదలుపెట్టిన ఉత్తరం.

మా చెల్లెలి కూతురు నీకు గుర్తుండే ఉంటుంది; నీ పెళ్లిలో రెండో ప్లేటు అడిగిన పిల్ల. భీమవరం దగ్గరి పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలోనే చదివి, వ్యవసాయ శాస్త్రంలో డిగ్రీ పూర్తి చేసి, ఇప్పుడు మీ దేశంలో పై చదువుకు దరఖాస్తు చేసుకుంటోంది. దానికోసం వచ్చే నెలలో, ఇంగ్లీషు ఎంత వచ్చో కొలిచే ఐఈఎల్‌టీఎస్ పరీక్ష ఉంది. చదవడం, వినడం, రాయడం మీద ఆమెకు ధైర్యం ఉంది కానీ, మాట్లాడే పరీక్ష అంటే మాత్రం భయం పట్టుకుంది. అందుకని సాయంత్రాలు నా దగ్గరకు వచ్చి సాధన చేస్తానని అడిగింది.

నువ్వు ఆ పరీక్షతో పని పడకుండానే వెళ్లినవాడివి కనుక కాస్త వివరంగా చెబుతాను. మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు సాగుతుంది. మొదట ఇల్లూ ఊరూ అలవాట్ల గురించి మామూలు ప్రశ్నలు అడుగుతారు; తరువాత ఒక అంశం రాసిన కార్డు ఇచ్చి, ఒక నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాలకు మించకుండా మాట్లాడమంటారు; చివరి నాలుగైదు నిమిషాలు అదే అంశం మీద లోతైన ప్రశ్నలు వేసి అభిప్రాయం రాబడతారు. మార్కులు నాలుగు కొలతల మీద సమానంగా పడతాయి: ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. ఈ పదసంపద అనే కొలతను పట్టుకునే మన శిక్షణ కేంద్రాలు కొన్ని పిల్లలను తప్పుదారి పట్టిస్తున్నాయి.

మా అమ్మాయి, అదే మా మేనకోడలు, వెళ్లిన ఒకానొక కేంద్రం వాళ్లు ఆమె చేతిలో ఒక పుస్తకం పెట్టారు. దాని నిండా ‘ప్లెథోరా’ (కుప్పలుతెప్పలు), ‘మిరియడ్’ (లెక్కలేనన్ని), ‘పారమౌంట్’ (అన్నిటికన్నా ముఖ్యం), ‘డెట్రిమెంటల్’ (హానికరం) వంటి మాటలు, ఏ ప్రశ్నకైనా అతికించుకునేందుకు ‘ఇన్ దిస్ కాంటెంపరరీ ఎరా’ (ఈ సమకాలీన యుగంలో) వంటి ఎత్తుగడలు ఉన్నాయి. ఆమె వాటిని శ్రద్ధగా కంఠస్థం చేసింది. ఆ పిల్ల శ్రద్ధ చూస్తే నాకు ముచ్చట వేసింది, ఆ శ్రద్ధను దేనిమీద ఖర్చు పెట్టించారో చూస్తే మాత్రం ఒళ్లు మండింది.

ఒక సాయంత్రం వరండాలో కూర్చుని, పరీక్షలో అడిగే ధోరణిలోనే, సాగుభూమిని ఇతర అవసరాలకు మళ్లించడాన్ని ప్రభుత్వం అడ్డుకోవాలా అని ఇంగ్లీషులో అడిగాను. వెంటనే, ఈ కాంటెంపరరీ ఎరాలో ప్లెథోరా ఆఫ్ డెట్రిమెంటల్ ఇంపాక్ట్స్ ఉన్నాయనీ, పర్యావరణాన్ని కాపాడుకోవడం పారమౌంట్ అనీ గడగడా అప్పజెప్పింది. ఏ ఇంపాక్ట్స్, ఒక్కటి చెప్పు అన్నాను. మాట ఆగిపోయింది. అరువు సొమ్ము బరువు చేటు అని పెద్దలు ఊరికే అనలేదు. నేను ఆ పుస్తకం మూసి పక్కన పెట్టి, అదే ప్రశ్న తెలుగులో అడిగాను. ఆమె చెప్పినదాన్ని అప్పటికప్పుడే కాగితం మీద రాసుకున్నాను. ఆ మాటలే నీకు పంపుతున్నాను, జాగ్రత్తగా చదువు.

“రొయ్యల చెరువులు తవ్వడం తప్పని నేనెలా అంటాను మావయ్యా? మా పొలం చెరువుకి లీజుకివ్వబట్టే కదా నా ఫీజు కట్టారు. వరి వేసుంటే ఖర్చులు పోను ఏం మిగిలేదో మనకి తెలియంది కాదు. అలాగని, పక్క చేను వాళ్ల సంగతేంటి? చెరువులోని ఉప్పునీటి ఊట దిగి వాళ్ల మట్టిలో ఉప్పు పేరుకుపోయింది. వాళ్లు చెరువు తవ్వాలని ఎప్పుడూ అనుకోలేదు, ఇప్పుడు తవ్వక తప్పట్లేదు. నన్నడిగితే, ఎవరి పొలం వాళ్ల ఇష్టం అనడానికి వీల్లేదు, నీళ్లు గట్టు చూసి ఆగవు కదా. మొత్తం ఆపేయమని అనను. కాలవ నీళ్లందే చోట మాత్రం వరికే ఉంచాలనిపిస్తుంది. మా ఊరి మటుకు అంతే, సముద్రం ఒడ్డు ఊళ్ల సంగతి నాకు తెలీదు.”

2009లో మన దేశంలో వనామీ అనే రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చినప్పటినుంచి ఆ ప్రాంతం ఎలా మారిందో సెలవుల్లో వచ్చినప్పుడు నువ్వూ చూశావు. కానీ నేను చెప్పదలచింది రొయ్యల గురించి కాదు. అభిప్రాయం చెప్పే విద్యలో ఉన్న మెలకువలు ఆ కాసిని మాటల్లోనే ఎన్ని ఉన్నాయో చూడు. ఎదుటివాదంలోని బలమైన భాగాన్ని ముందుగా తానే ఒప్పుకుంది; అందులో తన స్వార్థం ఉందన్న సంగతి దాచలేదు; ‘అలాగని’ అంటూ మలుపు తిప్పింది; కళ్లారా చూసిన ఉదాహరణ ఇచ్చింది; ‘నన్నడిగితే’ అని అది తన మాటేనని ప్రకటించింది; అతివాదాన్ని కాదంది; చివరకు ‘మా ఊరి మటుకు’ అని తన మాటకు హద్దు గీసుకుంది. ఇంగ్లీషులో ఉన్నత స్థాయి పదసంపద అని పరీక్షకులు వెతికేది చాలావరకు ఈ పనులు చేసే మాటలనే. ఆ పిల్లకు విద్య అంతా ఉంది, దాన్ని ఇంగ్లీషులో నిలబెట్టే గుంజలు మాత్రమే లేవు.

ఆ రాత్రి భోజనాల వేళ దాకా మేమిద్దరం ఆ గుంజలనే పాతుతూ కూర్చున్నాం. ‘తప్పని ఎలా అంటాను’ అనే చోట ‘ఐ కాంట్ రియల్లీ సే ఇట్స్ రాంగ్’ అంటే చాలు. ‘అలాగని’ అనే మలుపుకు ‘దట్ సెడ్’ సరిపోతుంది. ‘మొత్తం ఆపేయమని అనను’ అనేదానికి ‘ఐ వుడంట్ గో సో ఫార్ యాజ్ టు బ్యాన్ దెమ్’ అని చెప్పగానే, ఆమె ఆ వాక్యాన్ని తనలో తాను చాలాసేపు అనుకుంది. ‘తవ్వక తప్పట్లేదు’ అనేచోట ‘దే హ్యావ్ లిటిల్ చాయిస్ బట్ టు డిగ్’ కుదిరింది. ఉప్పు ఊట దిగడం గురించి ‘ద సాల్ట్ సీప్స్ త్రూ ద బండ్’ అన్న వాక్యం చెప్పినప్పుడు ఆమె ముఖం వెలిగింది, ఎందుకంటే ఆ ‘సీప్స్’ అన్న చిన్న క్రియలో ఆమె పక్క చేనులో చూసినదంతా ఉంది. ఏడవ బ్యాండుకు, అంటే ఆ పరీక్షలో ఏడవ స్థాయి మార్కుకు, అంతగా వాడుకలో లేని మాటలు కొన్ని వాడగలగాలనీ, ఏ మాట పక్కన ఏ మాట నప్పుతుందో ఎరుక ఉండాలనీ పరీక్ష వారి ప్రమాణాల్లోనే ఉంది. ‘ప్లెథోరా’ కంటే ఆ ‘సీప్స్’ ఆ ప్రమాణానికి వెయ్యి రెట్లు దగ్గరగా ఉంటుందని నా గట్టి నమ్మకం.

ఇక్కడ ఒక సంగతి జరిగింది, ఇది నీకు చెప్పకుండా ఉండలేను. ఉప్పు చెరువునుంచే వచ్చి ఉంటుందని తన అనుమానం అని చెప్పబోయి, ఆమె ‘ఐ డౌట్ దట్ ద సాల్ట్ కేమ్ ఫ్రమ్ ద పాండ్’ అన్నది. మనకు అనుమానం అంటే అలా జరిగే ఉంటుందన్న ఊహ కూడా అవుతుంది కనుక మన చెవికి అందులో తేడా తెలియదు. ఇంగ్లీషు వినేవాడికి మాత్రం ఆ వాక్యం చెరువు తప్పు లేదని వాదిస్తున్నట్టు వినిపిస్తుంది! అక్కడ ‘ఐ సస్పెక్ట్’ అనాలి. ఒక్క క్రియ మారితే పక్క చేను రైతు పక్షాన మాట్లాడుతున్న పిల్ల అతనికి ఎదురు సాక్ష్యం చెప్పినట్టవుతుంది. ‘ఐ యామ్ కన్విన్స్‌డ్’, ‘ఐ సస్పెక్ట్’, ‘ఐ డౌట్’ అనే మెట్లను ముందు నేర్పకుండా ‘మిరియడ్’ నేర్పడం ఏమి చదువు? దీనిమీద నాకు వచ్చే కోపం... సరే, అది మనం కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

నా కోపానికి ఆధారం కూడా ఉంది. న్యూజీలాండ్‌లో వెల్లింగ్టన్‌లోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆవ్రిల్ కాక్స్‌హెడ్ సుమారు 35 లక్షల పదాల విద్యావిషయక రచనలను పరిశీలించి, 2000లో 570 పదకుటుంబాల (ఒకే మూలపదం నుంచి పుట్టిన మాటల గుంపుల) జాబితా ప్రకటించింది. 1953లో మైకేల్ వెస్ట్ వెలువరించిన సాధారణ పదాల జాబితాను దాటి, విద్యావిషయక రచనల్లో అన్ని శాస్త్రాలలోనూ తరచుగా వచ్చే మాటలవి. అటువంటి రచనల్లో దాదాపు 10 శాతం వాటితోనే నిండుతుంది. ఆ వెస్ట్ ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపి, బెంగాలీ పిల్లలు ఇంగ్లీషు చదవడానికి పడే పాట్లు దగ్గరగా చూసినవాడు. కాక్స్‌హెడ్ జాబితాలో ‘ఎవిడెన్స్’, ‘అస్యూమ్’, ‘ఇండికేట్’, ‘డిస్పైట్’, ‘నెవర్‌దలెస్’, ‘వేర్‌యాజ్’ ఉన్నాయి, ‘ప్లెథోరా’ లేదు. ఒప్పుకోవడానికీ, తూచడానికీ, హద్దు గీయడానికీ పనికివచ్చే మాటలే అక్కడ వరుసగా కనబడతాయి. మా అమ్మాయికి ఆ జాబితా ప్రతి తీసి ఇచ్చాను.

మరునాడు మా బావగారి తండ్రి, అంటే ఆమె తాతగారు, కంటి వైద్యానికని వచ్చి మా మాటల మధ్యలో కూర్చున్నారు. రొయ్య లేకపోతే ఆ ఊరే లేదని ఆయన వాదం. మనవరాలు ఆయనను ఎదిరించిన తీరు చూసి ఉంటే నువ్వు లేచి నిలబడేవాడివి. “మీరన్నది నిజమే తాతయ్యా, కానీ ఇంకోలా కూడా చూడొచ్చేమో” అని మొదలుపెట్టి, ఆయన చేతే పక్క చేను నష్టాన్ని ఒప్పించింది. వెంటనే దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చుకోమన్నాను. ‘ఐ టేక్ యువర్ పాయింట్, బట్ ఐ యామ్ నాట్ ఎంటైర్లీ కన్విన్స్‌డ్’ దాకా తానే వచ్చింది. ఆయన మాటను ఉటంకించేటప్పుడు మాత్రం ‘క్లెయిమ్స్’ అన్నది. ఆ క్రియ వాడితే తాతగారి మాట మీద నమ్మకం లేదని చెప్పినట్టు ధ్వనిస్తుందనీ, ‘పాయింట్స్ అవుట్’ అంటే ఆయనతో ఏకీభవించినట్టవుతుందనీ, ‘మెయింటెయిన్స్’ అంటే ఆయన పట్టుదల మాత్రమే తెలుస్తుందనీ చెప్పాను. కాసేపు ఆలోచించి ‘మెయింటెయిన్స్’ ఎంచుకుంది. తాతగారికి ఇదంతా అర్థం కాకపోయినా, తనను గౌరవంగానే తలిచారు కదా అని అడిగి నిశ్చింతగా కాఫీ తాగారు.

ఇంత రాస్తుంటే మనసు కొంచెం బరువెక్కుతోంది. నా తరగతిలో వెనుక బల్లల మీద నోరు విప్పకుండా కూర్చునే పిల్లలు గుర్తుకు వస్తున్నారు. వాళ్లకు చెప్పడానికి ఏమీ లేదని సాటి అధ్యాపకులు అంటూ ఉంటారు, నేను ఆ మాట ఎన్నడూ నమ్మలేదు. వాళ్లను ముందు తెలుగులో వాదించనిచ్చి, ఆ వాదం ఏ మాటల మీద నిలబడిందో వాళ్ల చేతే వెతికించి, తరువాత ఇంగ్లీషుకు తేవాలని ఈ సంవత్సరం... ఇంకా పూర్తిగా తేల్చుకోలేదు, తేలాక రాస్తాను.

నీవల్ల నాకు ఒక సాయం కావాలి. మీ కార్యాలయంలో సమావేశాలు జరిగేటప్పుడు అక్కడివాళ్లు ఒకరినొకరు ఎలా కాదంటారో గమనించి, ఆ వాక్యాలు విన్నవి విన్నట్టు రాసి పంపు. ‘విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్’ అన్నది మర్యాదకు అంటున్నారో, కయ్యానికి ముందు అంటున్నారో ఏ స్వరాన్నిబట్టి తెలుస్తుందో ప్రత్యేకంగా రాయి. అక్కడ ‘క్వైట్ గుడ్’ అంటే మెప్పు కొంచెం తగ్గించి చెప్పినట్టేనని విన్నప్పుడు మా అమ్మాయి దిగులు పడింది. దాని గురించి కూడా నీ అనుభవం రాస్తే ఆమెకు ధైర్యంగా ఉంటుంది. వీలైతే ఒక ఆదివారం ఫోనులో పరీక్షకుడిలా నాలుగు ప్రశ్నలు వెయ్యి. రెండో ప్లేటు సంగతి మాత్రం పరీక్ష అయ్యేదాకా ఎత్తకు.

చెల్లెమ్మ మోచేతి కట్టు విప్పారా లేదా నువ్వు రాయనే లేదు. అబ్బాయి తెలుగు చదవడం ఎంతవరకు... అదిగో, అమ్మాయి వచ్చేసింది. ఈ రోజు ప్రశ్న తానే నన్ను అడుగుతానంది, నన్ను ఇంగ్లీషులో ఎదిరిస్తానని కూడా హెచ్చరించింది. ఇక వెళ్లాలి.

నీ మిత్రుడు