రోగులకు తేదీలు చెప్పకండి

సంపాదకులకు నమస్కారం.

స్వస్థత ప్రార్థనల మీద మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. నేను క్రైస్తవురాలిని. క్యాన్సర్ వార్డులో చాలాకాలం నర్సుగా పనిచేశాను. డ్యూటీలో ఉన్నా, అడిగినవారి మంచం పక్కన నిలబడి ప్రార్థన చేసేదాన్ని. ప్రార్థన మీద నాకు ఏ అనుమానమూ లేదు. నా బాధ వేరు.

మా వార్డులో ఒకావిడకు జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. "నెలాఖరుకి లేచి నడుస్తావు, దేవుడు నాకు చూపించాడు" అని ఒక బోధకుడు చెప్పి వెళ్లాడు. అప్పటినుంచి ఇంట్లోవాళ్లు ఆవిడను చావు మాట ఎత్తనివ్వలేదు. తన వస్తువులు ఎవరికేం ఇవ్వాలో చెప్పబోతే, "అలా మాట్లాడితే విశ్వాసం లేనట్టే" అని నోరు మూయించారు. ఒకరోజు రాత్రి సెలైన్ మార్చడానికి వెళితే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "సిస్టర్, నొప్పిగా ఉందని చెప్పడం పాపమా?" అని అడిగింది. నొప్పి మాత్రలు మింగకుండా దిండు కింద దాచిపెట్టింది. నెల తిరక్కుండానే చనిపోయింది. కూతురితో మనసు విప్పి మాట్లాడకుండానే పోయింది. తర్వాత ఆ బోధకుడు, ఇంట్లో ఎవరికో విశ్వాసం చాలలేదన్నాడట!

బైబిలు చెప్పే నిరీక్షణ, అంటే దేవుని మీద పెట్టుకునే ఆశ, ఇది కాదు. బబులోను రాజు యూదులను చెరపట్టిన రోజుల్లో, రెండేళ్లలో బబులోను కాడి, అంటే ఆ రాజు పెత్తనం, విరిగిపోతుందని హనన్యా అనే ప్రవక్త చెప్పాడు. అందరూ వినాలనుకున్న మాటే అది. యిర్మీయా ప్రవక్త మాత్రం బబులోను చెరలో ఉన్నవారికి ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఉత్తరం రాశాడు. మనం ఎంతో ఇష్టంగా చెప్పుకునే యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం ఆ ఉత్తరంలోదే. దానికి ముందున్న 10వ వచనంలో తిరిగి రావడానికి 70 ఏళ్లు పడుతుందని ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రావడం చూడలేరు. అలాంటి వాళ్లకే దేవుడు సమాధానాన్నీ (మనశ్శాంతినీ) నిరీక్షణనూ ఇస్తానన్నాడు. పదో వచనం దాటేసి పదకొండోది మాత్రమే చదివి వినిపించడం రోగికి అన్యాయం.

తొలినాటి బోధకుడు పౌలు మూడుసార్లు వేడుకున్నా, శరీరంలో ముల్లు అని ఆయన చెప్పుకున్న బాధను తీసేయలేదు, "నా కృప నీకు చాలును" అన్నాడు ప్రభువు. తనతో తిరిగిన త్రోఫిమును రోగిగానే మిలేతు పట్టణంలో విడిచి వచ్చానని పౌలే రాశాడు. పౌలుకు విశ్వాసం చాలలేదని ఎవరైనా అనగలరా?

అదే వార్డులో ఒక పెద్దాయన, "దేవుడు లేపితే సంతోషం, లేపకపోతే ఆయన దగ్గరికే కదమ్మా వెళ్లేది" అనేవాడు. మాత్రలు వేళకు వేసుకునేవాడు. ఏళ్ల తరబడి మాటల్లేని తమ్ముణ్ని పిలిపించుకుని మాట్లాడాడు. ఆయనకు నొప్పి లేదని కాదు, భయం కూడా ఉండేది. కానీ ఆయన ఆశ ఏ స్కాన్ రిపోర్టు మీదా ఆధారపడలేదు.

బోధకులకు చేతులెత్తి మొక్కుతున్నాను. స్వస్థత కోసం గట్టిగా ప్రార్థించండి. తేదీలు మాత్రం చెప్పకండి, మందులు మానమనకండి. ఇప్పటికే ఎవరికైనా చెప్పి, ఆ తేదీ దాటి, మనిషి పోయి ఉంటే, ఆ ఇంటికి మళ్లీ వెళ్లండి. లోపం వాళ్ల విశ్వాసంలో లేదని మీ నోటితోనే చెప్పండి.

– ఒక రిటైర్డ్ నర్సు
(పేరు ప్రచురించవద్దని మనవి)